ఉమ్మి అడిగాను

2022 నవంబరు. వానాకాలం వడ్లు మిల్లులకు చేరే రోజులు. మిర్యాలగూడ దాటగానే రోడ్డుకు రెండు పక్కలా లారీలు బారులు తీరి ఉంటాయి. ఉడికిన వడ్ల వాసన చీరకు పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. అక్కడి ఒక రైస్ మిల్లు గేటు పక్కన, రేకుల షెడ్డు కింద మడత బల్ల వేసుకుని నేను కూర్చున్నాను. బల్ల మీద రిజిస్టరు, ఫారాల కట్ట, ఖాళీ ట్యూబుల సంచి. కాళ్ల దగ్గర ఐసు పెట్టిన డబ్బా.

నా పేరు సరోజ. సూర్యాపేటలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ వర్కర్ని. చదివింది ఇంటర్, చేసేది టీబీ పని. దవాఖానకు రానివాళ్ల దగ్గరికి మేమే వెళ్తాం. రెండు వారాలు దాటి దగ్గేవాళ్లను వెతికి, శాంపిల్ తీసుకుని, సర్కారు ల్యాబ్‌కు చేరుస్తాం. జబ్బు ఉందని తేలితే ఆరు నెలలు వెంటపడి గోలీలు మింగిస్తాం. వెంటపడటమంటే మాటవరసకు అనడం లేదు. గోలీలు మానేసి కల్లు మండువలో కూర్చున్న మనిషిని రెక్క పట్టుకుని లేపుకొచ్చిన రోజులున్నాయి. "సరోజక్క నోట్లో పడితే అంతే" అని మా ఆఫీసులో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ నోటితోనే నా పని ఇన్నేళ్లు నడిచింది. ఈ కేసులో మాత్రం నా నోరు మర్యాదకు పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

టీబీ పరీక్షకు కావలసింది స్పూటం. ఊపిరితిత్తుల అడుగు నుంచి గట్టిగా దగ్గితే పైకి వచ్చే చిక్కటి పదార్థం. నోట్లో ఊరే ఉమ్మి దానికి పనికిరాదు. క్రిమి ఉండేది లోపల, ఉమ్మిలో దొరకదు. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లకు కూడా మొదటి రోజు చెప్పే పాఠం ఇది.

మరి దాన్ని జనానికి ఏమని చెప్పాలి? మాది కోదాడ. మా ఇంట్లో కళ్లె అంటారు. సూర్యాపేటకు వస్తే తెమడ. చదువుకున్నవాళ్లు కఫం. మాకు శిక్షణ ఇచ్చినాయన చాలా మర్యాదస్థుడు, మెత్తగా మాట్లాడేవాడు. "అసహ్యం పుట్టించే మాటలు వాడకండమ్మా, ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గర" అని మరీ మరీ చెప్పాడు. కరపత్రం మీద ఉచిత ఉమ్మి పరీక్ష అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించారు. ఉమ్మి అంటే ఏ ఊళ్లోనైనా తెలుస్తుంది, ఎవరూ ముఖం చిట్లించుకోరు. నేనూ ఆ మాటకే అలవాటు పడ్డాను. అలవాటయ్యాక దాని గురించి ఆలోచించడం మానేశాను.

ఆ రోజు క్యాంపుకు మిల్లువాళ్లు ఇచ్చింది మధ్యాహ్నం భోజనాల సమయం, గంట. షెడ్డు కిందే హమాలీలు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఆడవాళ్లు మరో మూల. వాళ్ల మధ్యలో నేను, నా దగ్గు లెక్కలు. తింటున్న మనిషి పక్కన నిలబడి "మీకు తెమడ పడుతుందా?" అని అడిగితే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వరుసలో ఏడో ఎనిమిదో మనిషి ద్వాలి. నలభై ఏళ్లుంటాయి. గరిడేపల్లి వైపు తండా. సీజనులో మిల్లు గదుల్లోనే ఉండి, ఊకా తవుడూ ఊడ్చి ఎత్తే పని చేస్తుంది. ముక్కుకు కట్టుకున్న తువ్వాల కిందికి లాగి కూర్చుంది. కనురెప్పల మీద కూడా తవుడు ఉంది.

"ఎన్ని రోజుల సంది దగ్గు?" అన్నాను.

"నెల దాటిందక్కా. దుమ్ముకు. గీడ అందరికి ఉంటది."

"బరువు తగ్గినవా?"

"జాకెట్లు వదులైనయ్." నవ్వింది. "కుట్లేసుకుంట తొడుగుతున్న."

"పొద్దుమీకి జ్వరమొస్తదా?"

"జర ఒళ్లు వెచ్చబడ్తది. పని కాడ గదెవలు సూస్తరక్కా?"

నెల దాటిన దగ్గు, తగ్గిన బరువు, సాయంత్రం జ్వరం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే నాలాంటి దానికి చెవులు నిక్కబొడుచుకోవాలి. నిక్కబొడుచుకున్నాయి కూడా. ట్యూబు మీద పేరు రాసి ఆమెకు ఇచ్చాను. ఇవ్వగానే చెప్పాల్సినవి కొన్ని ఉంటాయి: జనానికి దూరంగా గాలి ఆడేచోటికి పో, నోరు పుక్కిలించు, మూడుసార్లు గుండె నిండా ఊపిరి పీల్చు, అడుగు నుంచి దగ్గి తియ్యి. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. మూడు బారల దూరంలో మగవాళ్లు అన్నం కలుపుకుంటున్నారు. నేను గొంతు తగ్గించి, "దీంట్ల ఉమ్మి పట్టుకొని రా ద్వాలీ" అన్నాను.

ఆమె ట్యూబు చేతిలో తిప్పి చూసుకుంది. "ఉమ్మేనా అక్కా?"

"ఆ, ఉమ్మే" అన్నాను.

షెడ్డు స్తంభం చాటుకు వెళ్లి నిమిషంలో వచ్చింది. దగ్గిన చప్పుడు కూడా వినపడలేదు. ట్యూబు అందుకుని వెలుతురులో పెట్టి చూశాను. నీళ్లలా ఉంది, పైన నురుగు. ఏళ్ల తరబడి ఇవే చూస్తున్న కళ్లు నావి. అది ఉత్త ఉమ్మి అని చూడగానే తెలిసింది.

మా ఫారంలో ఒక గడి ఉంటుంది. శాంపిల్ చూడటానికి ఎలా ఉంది? చిక్కగా జిగటగా ఉందా, రక్తం కలిసి ఉందా, ఉమ్మి మాత్రమేనా? ఉమ్మి అని టిక్కు పెడితే శాంపిల్ వెనక్కి వస్తుంది, మళ్లీ తీయాలి. మళ్లీ తీయాలంటే ఆమెను షెడ్డు బయటికి తీసుకెళ్లి, దగ్గర నిలబడి దగ్గించాలి. వెనకాల ఇంకా పదిమంది నిలబడ్డారు. భోజనాల గంట అయిపోవస్తోంది. ల్యాబ్ మూసేలోపల డబ్బా చేరాలి. ఆ నెలలో పంపాల్సిన శాంపిళ్లు అప్పటికే వెనకబడ్డాయి. నేను చిక్కగా జిగటగా అన్నచోట టిక్కు పెట్టి, ట్యూబు ఐసు డబ్బాలో పెట్టాను.

అన్నీ సాకులే. నాకు తెలుసు. ఆ టిక్కు పెట్టిన చెయ్యి నాది.

నాలుగో రోజు రిజల్టు వచ్చింది. ట్రూనాట్ అనే యంత్రం శాంపిల్‌లో క్రిమి ఆనవాలు వెతుకుతుంది. క్రిమి కనపడలేదని వచ్చింది. ఉమ్మిలో ఎట్లా కనపడుతుంది? లక్షణాలున్న మనిషికి ఇట్లా వస్తే ఛాతీ ఎక్స్‌రేకు పంపాలని మా రూలు. రిజిస్టర్లో ఎక్స్‌రే అని ఒక ముక్క రాసుకున్నాను. ద్వాలికి ఫోను చేసినప్పుడు మాత్రం ఆ ముక్క చెప్పలేదు. ఆ రోజు ఇంకా పాతికమందికి ఫోన్లు చేయాలి. వచ్చే వారం మళ్లీ చేసి చెబుదాంలే అనుకున్నాను. ఆ వచ్చే వారం రాలేదు.

"ద్వాలీ, టీబీ లేదు. మంచిగున్నవ్."

"సల్లగుండక్కా" అంది. అటువైపు మిల్లు మోత. ఎవరితోనో తన భాషలో ఏదో చెప్పి నవ్వడం వినపడింది. నాకూ సంతోషంగానే అనిపించింది. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కంపరం పుడుతుంది.

మళ్లీ నేను ద్వాలిని చూసింది మార్చిలో. వాళ్ల తండాలోనే ఇంకొక పేషెంటు గోలీలు సరిగా వేసుకుంటున్నాడా లేదా చూడటానికి వెళ్లాను. తిరిగి వస్తుంటే ఒకాయన ఎదురొచ్చి బండి ఆపాడు. ద్వాలి భర్తనని, పేరు సక్రు అని చెప్పాడు.

"సరోజమ్మవు నువ్వే గదా? మా ఆమెను జర సూసి పో."

అరుగు మీద మంచం. మంచంలో దుప్పటి. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. కళ్లు మాత్రం నన్ను గుర్తుపట్టాయి. "అక్కొచ్చింది" అంది, సక్రుతో. ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చింది.

"ఇట్లయ్యేదాక ఏం చేస్తున్నరన్నా? దవాఖానకు పోవాలని తెల్వదా?" అని అరిచాను. నా అలవాటు అది, ముందు అరుస్తాను.

సక్రు తల వంచుకుని చెప్పాడు. "ఆర్‌ఎంపీ డాక్టర్ రెండుసార్లు చెప్పిండు, కోదాడకు పోయి ఛాతి ఫోటో తీపియ్యమని. నేను ఆటో గూడ మాట్లాడిన. ఈమెనే రాలే. సరోజక్క పరీక్ష జేపిచ్చింది, ఏం లేదన్నది, గిది దుమ్ము దగ్గే అన్నది. దగ్గుకుంటనే మళ్ల మిల్లుకు పోయింది. మొన్న శివరాత్రి దాటినంక పడ్డది."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. డాక్టర్ రెండుసార్లు దారి చూపించాడు. రెండుసార్లూ ఆమెను ఇంట్లో ఆపింది నా మాట.

సంచిలోంచి ట్యూబు తీశాను. ఈసారి అరుగు ముందు ఎవరున్నారో చూసుకోలేదు. "ద్వాలీ, తెమడ గావాలె. లోపటికెల్లి కాండ్రించి తియ్యాలె" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "తెమడనా? గప్పుడే అడిగితే గప్పుడే ఇద్దును గదక్కా. పొద్దుగాల లేస్తె దండిగ పడేది. నువ్వు ఉమ్మి అంటివి. ఉమ్మేనా అని అడిగితి గూడ." కాసేపు ఊపిరి తీసుకుంది. "మొగోళ్ల ముందట కాండ్రించే పని తప్పిందని సంబరపడ్డ."

తిట్టలేదు. తప్పు పట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తిట్టి ఉంటే నాకు కొంచెం ఊపిరాడేదేమో.

వీపు వెనక చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టాను. దగ్గింది. ట్యూబులో చిక్కటి పసుపు, అందులో నెత్తుటి జీరలు. ఫారంలో సరైన గడిలో టిక్కు పెట్టి, 108కు ఫోన్ చేశాను.

సూర్యాపేట దవాఖానలో ఎక్స్‌రే తీశారు. రెండు ఊపిరితిత్తులూ పాడయ్యాయి. ఒకదాని పైభాగంలో గుంతలు పడ్డాయి. యంత్రం ఈసారి క్రిమి ఉందని చెప్పింది. డాక్టర్ గారు ఫిల్ము వెలుతురులో పట్టుకుని, "ఇంతకు ముందు టెస్ట్ చేయలేదా?" అని అడిగారు.

"చేశాం సార్. నెగటివ్ వచ్చింది."

"శాంపిల్ బాగుందా?"

"రికార్డులో బాగుందనే ఉంది సార్" అన్నాను.

అబద్ధం కాదు. రికార్డులో అలాగే ఉంది. ఆ రికార్డు రాసింది నేనని చెప్పలేదు, అంతే. ఆయన తల ఊపి, "ఒక్కోసారి అట్లా మిస్ అవుతుందమ్మా, నువ్వు బాధపడకు" అన్నారు. ఆ ఓదార్పు తీసుకుని బయటికి వచ్చి, మెట్ల కింద కూర్చుని ఏడ్చాను. ద్వాలి కోసమా, నా కోసమా అని ఎవరైనా అడిగితే ఆ రోజు జవాబు చెప్పలేకపోయేదాన్ని.

టీబీ మందు మనిషి బరువును బట్టి ఇస్తారు. ద్వాలి ఇరవై తొమ్మిది కిలోలు తూగింది. కూతురు అనిత తండా నుంచే రోజూ కోదాడ వెళ్లి ఒక బట్టల షాపులో పనిచేసేది. ఇరవై ఏళ్ల పిల్ల. పని మానుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను రోజూ వెళ్లేదాన్ని. జావ తాగించేదాన్ని, వాంతి అయితే గోలీ మళ్లీ ఎప్పుడు వేయాలో నర్సును అడిగి చెప్పేదాన్ని. వారం గడిచేసరికి జ్వరం తగ్గింది. ద్వాలి ముఖంలో కొంచెం కళ వచ్చింది.

"ఎన్నొద్దులకు పనికి పోతక్కా?" అని అడిగింది.

"ముందు బరువెక్కు. రెండు మూడు నెలలు పని ఊసెత్తకు."

"గప్పటికి యాసంగి వడ్లు ఒడుస్తయ్ గదా" అని దిగులు పడింది.

అనిత తల్లి జుట్టు దువ్వుతూ, "సరోజక్క లేకపోతే గీడిదాక గూడ రాకపోతుంటిమి" అంది నాతో. నేను గోలీల షీటు తిరగేసి చూస్తున్నట్టు నటించాను.

పదహారో రోజు పొద్దున ద్వాలి చనిపోయింది. అప్పుడు నేను మునగాలలో ఉన్నాను. నోటి వెంట నెత్తురు ఒక్కసారిగా పడిందని, నర్సు పరుగెత్తుకొచ్చేలోపలే అయిపోయిందని అనిత ఫోనులో చెప్పింది. నేను వెళ్లేసరికి మంచం ఖాళీ చేసి ఫినాయిల్‌తో కడుగుతున్నారు.

పేషెంటు పోయినా మా పని అయిపోదు. టీబీ మనిషితో ఒకే ఇంట్లో ఉన్న వాళ్లందరికీ పరీక్ష చేయాలి. దీన్ని కాంటాక్ట్ ట్రేసింగ్ అంటారు. ఇంకొకరిని పంపమని మా ఆఫీసులో అడగవచ్చు. అడుగుదామనే అనుకున్నాను. తల్లి దగ్గర కూర్చున్నప్పుడు అనిత కొంగు అడ్డం పెట్టుకుని దగ్గడం నేను విన్నాను. ఇంట్లో తల్లితో ఒకే మంచం మీద పడుకున్న పిల్ల. అదే నన్ను నిలవనివ్వలేదు.

పెద్దకర్మ కాకముందే తండాకు వెళ్లాను. సక్రు గుండు చేయించుకుని అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి, "కూసో చెల్లె" అన్నాడు. అనిత నీళ్లు తెచ్చింది. గ్లాసు పట్టుకుని నేను మొత్తం చెప్పాను. ఉమ్మి అన్నది, నురుగు చూసింది, టిక్కు పెట్టింది, ఎక్స్‌రే సంగతి చెప్పకపోయింది. డాక్టర్ దగ్గర తప్పించుకున్నది కూడా. ఏదీ దాచలేదు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

సక్రు నా చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "సూస్తెనే తెలిసిందా నీకు, అది ఉత్త ఉమ్మి అని?" అని అడిగాడు.

"తెలిసింది."

"తెలిసే పంపినవ్."

"పంపిన అన్నా."

"మరి గిప్పుడెందుకు జెప్తున్నవ్? నీ మనసు తేలికగావాల్ననా?"

ఆయన లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ నన్ను చెల్లె అనలేదు.

నేను ట్యూబులు సంచిలోంచి తీయాలా వద్దా అని కూర్చున్నాను. అనిత నా ఎదురుగా వచ్చి నిలబడి, చెయ్యి చాపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"ఇయ్యి. ఈసారి ఏం గావాల్నో సక్కగ జెప్పు."

చెప్పాను. తెమడ అన్నాను, కళ్లె అన్నాను, మా ఇంట్లో మాట, వాళ్ల ఇంట్లో మాట, నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. నేను ముందు దగ్గి చూపించాను. ఆ పిల్ల ఇంటి వెనక ఎండలోకి వెళ్లింది. అరుగు మీదికి ఆ దగ్గు వినపడుతూనే ఉంది. తెచ్చిన శాంపిల్ చిక్కగా ఉంది. మూడు రోజులకు జబ్బు ఉందని తేలింది. అనితతో పంపించిన సక్రు శాంపిల్‌లో మాత్రం లేదు.

ఆ టిక్కు సంగతి మా ఆఫీసులో నేనే చెప్పాను. రెండు నెలలు ఫీల్డుకు పంపలేదు, బల్ల పని ఇచ్చారు. కరపత్రం మీద మాట మార్చారు. ఇప్పుడు నేను క్యాంపు పెడితే భోజనాల సమయం ఒప్పుకోను. ఒప్పుకోక తప్పకపోతే, తినేవాళ్ల ముందే తెమడ అని పైకి అంటాను. ముఖాలు చిట్లిస్తారు, కొందరు తిడతారు, ఒకసారి ఒకాయన అన్నం డబ్బా విసిరేశాడు. పడతాను. ఎవరైనా "గిదేనా అక్కా?" అని రెండోసారి అడిగితే పని ఆపేసి మొదటి నుంచి చెప్తాను. రెండోసారి అడిగే మనిషికి నా మాటలో ఏదో తేడా కనపడింది కాబట్టే అడుగుతుంది. నేర్చుకున్నది ఇంతే. దీనికి ఒక ప్రాణం ఖర్చయింది.

అనిత గోలీలు ఒక్కరోజు కూడా తప్పలేదు. బల్ల పని చేసిన రెండు నెలలూ ఆఫీసు అయ్యాక వెళ్లి మరీ, ఆరు నెలలూ నేనే ఇచ్చాను. తలుపు దగ్గర తీసుకుని, నా ముందే మింగి, గ్లాసు బోర్లించి లోపలికి వెళ్లేది. పనికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. బరువు పెరిగింది, దగ్గు పోయింది. చివరి పరీక్షలో క్రిమి లేదని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వెళ్లి, "అయిపోయినయ్ అనితా. ఇగ గోలీలు లేవు" అన్నాను.

ఆ పిల్ల చివరి షీటును చేతిలో పెట్టుకుని, ఖాళీ గుంటలను వేలితో తడుముతూ చూసింది.

"మా అమ్మకు గూడ గిన్నే గదా గావాల్సింది?" అని అడిగింది.

అవునన్నాను. ఏ పేషెంటు ఇంటివాళ్లకైనా ఇలాంటి చోట చెప్పడానికి మా దగ్గర చాలా మాటలుంటాయి. వాటిలో ఒక్కటీ ఆ రోజు నేను చెప్పలేదు.